ప్రదర్శనములలో మన మిరప దుకాణము

పల్నాటి మిరప గుంటూరు యార్డు చేరినంతనే ఊరి పేరు మరుగుపడును. ఆ పేరు నిలుపుకొనుటకు 1938లో హైదరాబాదున ఆరంభమైన నుమాయిషు వంటి ప్రదర్శనములు తగిన తావులు. రెంటచింతల రైతులు సంఘముగా దుకాణము పెట్టునెడల పది సరకులు పేర్చక మిరప నొక్కదానినే ముందుంచవలెను. సంఘము పేరు, ఊరు, రకము, ధర దూరమునకు గానవచ్చునట్లు పెద్దయక్షరములతో వ్రాయవలెను. ఎండకు కాయ రంగు వెలియును గాన నీడ యవసరము. మేలుకాయను, తాలుకాయను వేరువేరు రాసులుగా ప్రక్కప్రక్కనే చూపుడు. కొనువానిని త్రుంచి చూడనిండు. అన్నిటికన్న ముఖ్యము: నమూనాను బస్తా పైనుండి గాక నడుమనుండి తీయవలెను. నమూనా యొకటి, పంపిన సరకు వేరొకటి యైనచో, ఒకరి తప్పునకు సంఘమంతయు మాటపడును.