కార్గీ కుక్క తోక

గత వేసవి సెలవులలో మేము హైదరాబాదునందలి మా ఆడపడుచు ఇంటికి వెళ్లియుంటిమి. ఆమె పిల్లలు ముచ్చటపడి యొక కార్గీ కుక్కపిల్లను తెచ్చుకొనిరి. అది మూడు నెలల పిల్ల. పొట్టి కాళ్లు, నిక్కిన చెవులు, నక్కను బోలిన మోము. చూడ ముచ్చటగనే యున్నది గాని, ఇంటిల్లిపాదియు విచారముతో నుండిరి. కారణ మడుగగా మా ఆడపడుచు, "వదినా, మమ్ములను మోసగించినారు. ఇంగ్లండు రాణిగారి కుక్కలకు తోక లేదు గదా! దీనికి జానెడు తోక యున్నది. ఇది అసలు జాతి కాదట. రేపు వైద్యుని యొద్దకు గొనిపోయి కోయించెదము" అని వాపోయెను. ఆ పిల్ల యీ మాట లేమియు నెఱుగక, ఆ తోకనే యాడించుచు మా పాదములను మూచూచుచుండెను.

మావారు బడిపంతులు. తెలియని విషయమును వెదకి చూడక నిదురించు అలవాటు వారికి లేదు. ఆ రాత్రి మేమిరువురమును పుస్తకములు తిరుగవేసి తెలిసికొన్న సంగతులు మా సోదరీమణులకు గూడ పనికివచ్చునని తలంచి యిచ్చట వ్రాయుచున్నాము. ఇప్పుడు మన పట్టణములలో సీమజాతి కుక్కలను పెంచు కుటుంబములు పెక్కులు గలవు గదా.

కార్గీల పుట్టిల్లు బ్రిటనులోని వేల్సు దేశము. వేల్సు భాషలో కార్గీ యనగా మరుగుజ్జు కుక్క యని యర్థము చెప్పుదురు. పశువులను వెనుకనుండి తోలుట వీని పని. ఆవు మొండికెత్తినచో మడమను మెల్లగ కరచి నడిపించును. ఆవు కాలు విదిల్చినను, కుక్క యెత్తు ఒక అడుగునకు మించదు గనుక ఆ తన్ను తలమీదుగా పోవును. పొట్టి కాళ్లు వేడుకకు గాక పనికై యేర్పడినవని దీనివలన తెలియుచున్నది.

ఈ కార్గీలలో రెండు తెగలు గలవు. పెంబ్రోక్ సీమ కార్గీకి తోక మొదలంట కత్తిరించుట పరిపాటి. కార్డిగన్ సీమ కార్గీకి మాత్రము నక్కతోకవలె గుబురైన నిడుపాటి తోక యుండును. మొదట ఈ రెంటిని ఒకే జాతిగా నెంచిరి. 1934 సంవత్సరమున లండనునందలి కెన్నెల్ క్లబ్బువారు వీనిని వేర్వేరు జాతులుగా నిర్ణయించిరి. 1933లో ఇంగ్లండు రాజకుటుంబములో ప్రవేశించిన డూకీ యను కుక్కయు, 1944లో ఎలిజబెత్ రాకుమారికి పదునెనిమిదవ పుట్టినరోజు కానుకగా వచ్చిన సూసన్ అను కుక్కయు పెంబ్రోక్ తెగవే. ఆమె రాణియై, 2022లో స్వర్గస్థురాలగు వరకును కార్గీలను విడువలేదు. ఆమె చిత్రపటములలో తోకలేని కుక్కలను చూచి చూచి, కార్గీకి తోక యుండదని లోకము నమ్మినది. మా ఆడపడుచు నమ్మినదియు నట్లే.

మన పూర్వులు అశ్వలక్షణములను, గజలక్షణములను గ్రంథములుగా రచించినట్లే, సీమవారు ప్రతి కుక్కజాతికిని ఒక లక్షణపత్రమును వ్రాసికొనిరి. 1873లో ఏర్పడిన కెన్నెల్ క్లబ్బు వంటి సంఘములు ఈ పత్రములను కాపాడుచుండును. తల యెట్లుండవలె, చెవు లెట్లుండవలె, తోక యెచ్చట మొలవవలె, దాని నెట్లు పట్టవలె నను నియమములన్నియు నందు గలవు. ప్రదర్శనములలో న్యాయనిర్ణేతలు ఆ పత్రమును బట్టియే బహుమతు లిత్తురు. కుక్క తోక వంకర యని మనము సామెత చెప్పి యూరకుందుము. అచ్చట ఆ వంకరను గూర్చియే తీర్పులు చెప్పుదురు!

ఈ నియమములలో కొన్ని పని చూచి పుట్టినవి. కార్డిగన్ కార్గీ నిలిచియున్నప్పుడు తోక క్రిందికి వ్రేలాడవలెను, పరుగెత్తునప్పుడు వెన్నుతో సమముగా సాగవలెను, ఉత్సాహమున పైకి లేవవచ్చును గాని వీపుమీదికి చుట్టుకొనరాదు. గొఱ్ఱెలను కాయు బోర్డర్ కోలీ జాతికి తోక దిగువగా నుండి కొన మాత్రము కొంచెము పైకి తిరిగియుండవలెను. పనిలోనున్న కుక్క తోక పైకెత్తినచో దాని మనస్సు మందమీద లేదని కాపరులు గ్రహింతురు. ఇట్టి నియమమునకు అర్థము గలదు. అది కుక్క మనస్సును చదువు విద్య.

మరికొన్ని నియమములు కన్నులు మఱగిన యలవాటువలన పుట్టినవి. పెంబ్రోక్ తోకను ఏల కత్తిరించిరని యడిగినచో పలు సమాధానములు వినవచ్చును. పూర్వము ఇంగ్లండులో కుక్కలపై పన్ను వేసినప్పుడు, పనిచేయు కుక్కకు పన్ను లేదని తెలియుటకై తోక కోసిరని కొందరందురు. పశువులు తోకను త్రొక్కునని మరికొందరందురు. ఈ రెండవ మాటను మేము కొంచెము తర్కించితిమి. కార్డిగన్ కార్గీయు పశువులనే తోలినది గదా! ఆ పొరుగు సీమలో, ఆ పొట్టి కాళ్లతోనే, నిండు తోకతో తరతరములుగా పనిచేసినది. త్రొక్కుడు భయమే కారణమైనచో దానికి మాత్రము తోక యేల మిగిలినది?

కోయు విధమును విన్న తల్లుల కెవరికైనను మనస్సు కలుక్కుమనును. పుట్టిన కొద్ది దినములకే, పిల్ల కన్నులైనను తెరువకముందే, ఆ పని ముగింతురు. నెలలు గడచిన పిల్లకైనచో మత్తుమందిచ్చి చేయవలసిన శస్త్రచికిత్స యగును. నార్వేలో 1987నను, స్వీడనులో 1989నను ఈ యాచారమును చట్టముతో మానిపిరి. ఇంగ్లండులోను, కార్గీల పుట్టినింటనే, వేల్సులోను 2007లో నిషేధించిరి. కొన్ని పనికుక్కలకు మినహాయింపు గలదు గాని కార్గీకి లేదు. నిషేధము వచ్చినచో జాతియే నశించునని కొందరు పెంపకదారులు వాపోయిరి. అటుపిమ్మట ఒకప్పుడు బ్రిటనులో ఏటేట నమోదగు పెంబ్రోక్ పిల్లల సంఖ్య 300కు దిగువకు పడిపోయి, 2018 నాటికి మరల కోలుకొన్నది. అమెరికా లక్షణపత్రము మాత్రము నేటికిని కత్తిరించిన తోకనే కోరుచున్నది. సముద్రమున కీవల లక్షణము, ఆవల దోషము!

పుట్టుకతోనే పొట్టితోక గల పిల్లలును పెంబ్రోక్ జాతియందు గలవు. దీనికి కారణమైన జన్యువును శాస్త్రజ్ఞులు 2001లో కనుగొనిరి. తలిదండ్రులలో ఒకరికి ఆ జన్యువున్నను పిల్లలలో ఇంచుమించు సగమునకు తోక పొట్టిదగును. ఇరువురికిని ఉన్నచో రెండుప్రక్కలనుండి దానిని పొందిన పిండములు, అనగా నాలుగింట నొకపాలు, గర్భమునందే నశించును. కావున తెలిసినవారు పొట్టితోక కుక్కకు నిండుతోక కుక్కనే జత చేయుదురు. బ్రూస్ కాటనాక్ అను బ్రిటిషు జన్యుశాస్త్రజ్ఞుడు 1990 తరువాతి సంవత్సరములలో బాక్సరు జాతి కుక్కను పొట్టితోక కార్గీతో కలిపి, ఆ సంతతిని మరల బాక్సర్లతోనే కలుపుచు పోయి, కత్తి యక్కఱలేకయే పొట్టితోక గల బాక్సర్లను పుట్టించెను. స్వీడనుదేశపు వాల్‌హుండ్ అను పొట్టి పసులకుక్క సంగతి యింకను సులువు. దాని లక్షణపత్రము నిడుపుతోకను, పొట్టితోకను, వాని నెట్లు పట్టినను సమ్మతించుచున్నది. మనుష్యులు కొంచెము మనస్సు మార్చుకొన్నచో ఎంత చిక్కు తీరునో చూడుడు!

తోక కుక్కకు నాలుకవంటిది. ఇటలీలోని బారీ నగరమున 2007లో జరిగిన పరిశోధనమున, యజమానిని చూచినప్పుడు కుక్క తోకను తన కుడివైపున కెక్కువగాను, బెదరించు కొత్త కుక్కను చూచినప్పుడు ఎడమవైపున కెక్కువగాను ఆడించునని తేలినది. 2008లో కెనడావారు బొమ్మకుక్క కొకసారి నిడుపుతోకను, ఒకసారి పొట్టితోకను తగిలించి చూచిరి. నిడుపుతోక యాడుచున్నప్పుడు పెద్ద కుక్కలు నిర్భయముగా దరిచేరెను. తోక పొట్టిదైనప్పుడు అది యాడినను, నిలిచినను వానికి భేదము తెలియలేదు. తోక కోయుట మాట కోయుటయే యని మాకు తోచినది.

మహాభారతము ఆదిపర్వమున సరమ యను దేవశుని కథ సోదరీమణు లెఱుగుదురు. ఏ తప్పును చేయని తన బిడ్డను జనమేజయుని తమ్ములు కొట్టగా, ఆ తల్లి జనమేజయుడు యజ్ఞము చేయుచోటికి వచ్చి, నిరపరాధిని ఏల బాధించితిరని నిలదీసినది. అచ్చట బదులు చెప్పగల వారు లేకపోయిరి. మరునాటి యుదయమున మేమీ కథను మా ఆడపడుచునకు జ్ఞప్తికి దెచ్చితిమి. ఆమె చాలసేపు మాటాడలేదు. పిదప పిల్లవానిని పిలిచి, "వైద్యునికి కబురు పెట్టుము, రావలసిన పని లేదని" అనెను.

కార్గీని తెచ్చుకొనువారు తోకను గూర్చి గాక వెన్నును గూర్చి విచారింపవలెను. నిడుపాటి వెన్ను, పొట్టి కాళ్లు గల కుక్క గనుక మితిమీరి బలియనీయరాదు. ఎత్తు మంచములనుండి దుముకనీయరాదు. రెండు పొరల బొచ్చుతో చలిదేశమునకు దగినది గనుక మన యెండలలో నీడయు, చల్లని నీరును ఎల్లప్పుడు నుండవలెను.

మొన్న మా ఆడపడుచు ఉత్తరము వచ్చినది. ఆ పిల్ల యిప్పుడు పెద్దదైనదట. వాకిట ఆమె యడుగుల చప్పుడు వినగానే దాని తోక యాడుట మొదలిడునట. "అన్నగారి నడిగి చెప్పుము వదినా, కుడివైపునకే యాడుచున్నది" అని వ్రాసినది.