చిన్న కోత బైపాస్: సంతకం పెట్టే ముందు అడగవలసినవి

మన సంఘానికి వచ్చే కుటుంబాలు ఈమధ్య తరచు ఒక ప్రశ్న అడుగుతున్నాయి. "నాన్నగారికి బైపాస్ చేయాలన్నారు. ఎముక కోయకుండా చిన్న కోతతో చేస్తారట కదా, అదే చేయించమంటారా?" మేము వైద్యులం కాము. ఫలానాది చేయించుకోండని చెప్పే అర్హత మాకు లేదు. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలిస్తే మాత్రం నిర్ణయం కొంత సులువవుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా మామూలు బైపాస్ సంగతి. గుండె కండరానికి రక్తం అందించే ధమనుల్లో కొవ్వు పేరుకుని దారి మూసుకుపోతుంది. బైపాస్‌లో ఆ అడ్డును తీసివేయరు. ఛాతీ లోపలి ధమనినో, కాలి నుంచి తీసిన సిరనో అడ్డు దాటిన చోట కలిపి రక్తానికి కొత్త దారి వేస్తారు. ఇందుకు రొమ్ము ఎముకను నిలువునా కోసి తెరుస్తారు, పని అయ్యాక ఉక్కు తీగతో బిగిస్తారు. ఆ ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అందాకా బరువులు ఎత్తకూడదు. మన దేశంలో మొదటి బైపాస్‌ను 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం. చెరియన్ చేశారు. నేటికీ ఎక్కువమందికి ఎముక తెరిచే చేస్తున్నారు.

చిన్న కోత పద్ధతిలో ఎడమ రొమ్ము కింద, పక్కటెముకల సందులో రెండు మూడు అంగుళాలు కోస్తారు. చాలావరకు గుండె కొట్టుకుంటూ ఉండగానే, కలపవలసిన చోటును మాత్రం ఒక పరికరంతో కదలకుండా పట్టి కుట్లు వేస్తారు. కొన్నిచోట్ల రోబో సాయం తీసుకుంటారు. రోబో తనంతట తాను ఏమీ చేయదు, దాని చేతులను నడిపేది డాక్టరే.

ఎముక కోయరు కాబట్టి రక్తం తక్కువ పోతుంది, ఆ ఎముకకు చీము పట్టే భయం ఉండదు. షుగర్ ఉన్నవారికి ఇది పెద్ద మేలు. కొన్ని వారాల్లోనే పనిలోకి వెళ్లవచ్చు. అయితే మొదటి రోజుల్లో పక్కటెముకల దగ్గర నొప్పి గట్టిగానే ఉంటుంది.

అసలు విషయం కోత పొడవు కాదు, లోపల ఏది దేనికి కలిపారన్నది. గుండె ముందు భాగపు పెద్ద ధమనికి ఛాతీ లోపలి ధమనిని కలిపితే, పదేళ్ల తరువాత కూడా నూటికి 90కి పైగా తెరిచే ఉంటాయి. కాలి సిరలు పదేళ్లలో దాదాపు సగం మూసుకుపోతాయి. మూడు నాలుగు చోట్ల కలపవలసి ఉండగా, చిన్న కోత కోసం ఒక్కటి కలిపి సరిపెట్టడం మేలు కాదు. కొందరికి ఒకటి చిన్న కోతతో కలిపి, మిగతావాటికి స్టెంట్ వేస్తారు. అదీ ముందే చెప్పించుకోవాలి.

ఇది అందరికీ కుదరదు. ఆపరేషన్ సమయంలో ఎడమ ఊపిరితిత్తిని కాసేపు ముడిచి ఉంచాలి. అందువల్ల బీడీ, చుట్టలతో ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారికి కష్టం. కవాటం కూడా బాగుచేయవలసినవారికి, హార్ట్ అటాక్‌తో అత్యవసరంగా వచ్చినవారికి సాధారణంగా ఎముక తెరిచే చేస్తారు.

కాబట్టి అడగండి:
ఎన్ని చోట్ల కలపాలి? చిన్న కోతతో అన్నీ కలపగలరా?
ఛాతీ ధమని వాడతారా?
ఈ పద్ధతిలో మీరు ఎన్ని చేశారు?
మధ్యలో ఎముక తెరవవలసి వస్తే ఏం చేస్తారు?
రోబో ఖర్చు ప్యాకేజీలో ఉందా, బీమా ఇస్తుందా?

చివరిగా మనవాళ్లకే ఉన్న చిక్కు ఒకటి. ఇంట్లో తెలుగు మాట్లాడినా చదువు తమిళంలోనో, కన్నడంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో సాగింది. ఆసుపత్రి కాగితం తరచు ఇంగ్లీషులో ఉంటుంది. పెద్దాయన తల ఊపితే అర్థమైందని అనుకోవద్దు. పిల్లలు కాగితం చదివి, ఇంటి తెలుగులో ఆయనకు చెప్పాలి. అర్థమయ్యే భాషలో వివరం తెలుసుకోవడం రోగి హక్కు. జీవితమంతా ఫైళ్లతో గడిపినవాళ్లం, చదవని కాగితంపై సంతకం పెట్టమని ఎవరికీ చెప్పలేము.

తొందర లేదని డాక్టరు చెబితే, యాంజియో సీడీ పట్టుకుని ఇంకొక సర్జన్‌ను కలవండి. కోత పెద్దదైనా చిన్నదైనా, ఆ తరువాత మాత్రలు మానకూడదు, పొగాకు ముట్టకూడదు. వేసిన కొత్త దారి నిలిచేది వాటివల్లే.