కన్ను చూస్తుంది.. మెదడు గుర్తిస్తుంది
* తెలిసిన బొమ్మ కనబడితే తరంగాల్లో మార్పు
* అంతమాత్రాన నేరం రుజువైనట్లు కాదు

తిరుపతి: తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించి బయటకు వచ్చేవారంతా కొత్తవారి కంటికి ఒకేలా కనబడతారు. బస్సులో పక్క సీటులో కూర్చుని వచ్చిన వ్యక్తిని సైతం గుండుతో చూస్తే పోల్చుకోవడం కష్టం. తల్లి మాత్రం గుండు చేయించుకున్న తన బిడ్డను చూడగానే గుర్తుపడుతుంది. పరిచయం లేని ముఖాన్ని మనిషి ఎక్కువగా జుట్టు, తల ఆకారం వంటి బయటి గుర్తులతో పోల్చుకుంటాడు. బాగా తెలిసిన ముఖం విషయంలో కళ్ళు, ముక్కు, నోరు చాలు. జుట్టు పోయినా ఈ ఆనవాళ్ళు చెరగవు.

రెప్పపాటులోనే..
ఈ గుర్తింపు ఎంత వేగంగా జరుగుతుందో మెదడు తరంగాలు చెబుతాయి. జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో తొలిసారి మనిషి మెదడు తరంగాలను నమోదు చేశారు. తిరుపతి స్విమ్స్ వంటి ఆసుపత్రుల న్యూరాలజీ విభాగాల్లో మూర్ఛ రోగులకు తీసే ఈఈజీ పరీక్షకు మూలం అదే. సెకనును వెయ్యి భాగాలు చేస్తే, ముఖం కనబడిన సుమారు 170వ భాగంలో తల వెనుక భాగాన ఒక తరంగం లేస్తుంది. తెలియని చిత్రాల నడుమ అరుదుగా తెలిసిన చిత్రం వస్తే 300వ భాగం దాటాక మరొక తరంగం కనిపిస్తుంది. దీనిని పి-300 అంటారు. దాని బలం సుమారు 10 మైక్రోవోల్టులు. అంటే టార్చిలైటు బ్యాటరీ ఇచ్చే ఒకటిన్నర వోల్టులో లక్షన్నరో వంతు. అందుకే ఒకే పరీక్షను పలుమార్లు జరిపి సగటు తీస్తారు.

ఎలా తెలిసిందో చెప్పదు
నేర పరిశోధనలో వాడిన 'బ్రెయిన్ మ్యాపింగ్'కు ఈ సూత్రమే పునాది. ఘటనతో సంబంధమున్న వస్తువులను అనుమానితుడికి చూపి తరంగాలను పరిశీలిస్తారు. చిక్కంతా ఇక్కడే ఉంది. కొడవలి బొమ్మ చూపితే చెరకు నరికే కూలీకి అది తెలిసిన వస్తువే. ఘటనా స్థలాన్ని అతడు టీవీలోనో, పత్రికలోనో చూసి ఉండవచ్చు. సాక్షిగా చూసినా తెలిసినట్లే. వస్తువు పరిచితమైనదని తరంగం సూచించగలదే తప్ప, ఆ పరిచయం ఎలా కలిగిందో చెప్పలేదు.

బలవంతం కుదరదు
2008లో పుణేలోని ఒక సెషన్స్ న్యాయస్థానం హత్య కేసులో శిక్ష విధిస్తూ ఈ తరహా పరీక్ష ఫలితాన్ని కూడా పరిగణనలోకి తీసుకోవడం చర్చనీయాంశమైంది. 2010 మే 5న సెల్వి వర్సెస్ కర్ణాటక రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు స్పష్టమైన తీర్పు ఇచ్చింది. నార్కో, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలను బలవంతంగా జరపరాదని, అది రాజ్యాంగంలోని 20(3) అధికరణకు విరుద్ధమని పేర్కొంది. ఇష్టపూర్వకంగా అంగీకరించినా పరీక్ష ఫలితం దానికదే సాక్ష్యం కాబోదని తేల్చింది. పరీక్షకు ముందు న్యాయవాదిని కలిసే అవకాశం కల్పించాలి. సమ్మతిని మేజిస్ట్రేటు ఎదుట నమోదు చేయాలి. కాగితంపై వేలిముద్ర వేసే ముందు పల్లెవాసులు సైతం ఈ హక్కును తెలుసుకోవడం అవసరం.