మీకు తెలుసా? వేగాస్ వెలుపలి వేగాస్
జూదశాలల వీథిగా జగత్ప్రసిద్ధమైన ‘స్ట్రిప్’లో అత్యధికభాగము లాస్ వేగాస్ నగరపు పొలిమేరలలోనే లేదు, అది పురపాలక సంఘమే లేని ‘ప్యారడైజ్’ అను వేఱొక పట్టణములోనిది. నగరము తమను కలుపుకొని పన్నులు విధించునేమోయను శంకతో జూదశాలల యజమానులు 1950లో దానిని ఏర్పరపించుకొనిరి. 1959 నాటి సుప్రసిద్ధ స్వాగతఫలకమే కాదు, విమానాశ్రయము సైతము అక్కడిదే. కనుక అమెరికాలోని బిడ్డల కడకేగి, వేగాస్‌లో విహరించి పామర్రుకు మరలిన దంపతులు, పాపము, ఆ నగరమున అడుగైనను మోపక వచ్చియుండవచ్చును! సమీపమున కొలరాడో నదిపైనున్న హూవర్ ఆనకట్ట ఎత్తు 221 మీటర్లు. మన కృష్ణమ్మను ఆపిన నాగార్జునసాగరమునకు 124 మీటర్లే. హూవర్ కట్ట కడ ఒక గోపురపు గడియారము నెవాడా రాష్ట్రపు కాలమును, మఱియొకటి ఆవలి గట్టునున్న అరిజోనా కాలమును చూపుచుండును.