పలుచని రేకుకు తగిన రివెట్

అల్ఫారెట్టాలో మన ఇళ్ళ గరాజుల్లో కార్లే కాదు, విమానం కూడా కట్టుకోవచ్చు. సగానికి పైగా పని సరదాకో, నేర్చుకోవటానికో స్వయంగా చేసుకున్నవారికి తనిఖీ తరువాత ఫెడరల్ విమానయాన శాఖ 'ప్రయోగాత్మక' సర్టిఫికెట్ ఇస్తుంది. మనవారెవరైనా అందుకు పూనుకుంటే, రివెట్ల గురించి మా మనవి ఇది.

రివెట్ ఎంత లావైతే అతుకు అంత గట్టిదని తోస్తుంది. పలుచని రేకు విషయంలో అది నిజం కాదు. లావు రివెట్‌ను అణగగొట్టే దెబ్బలకు రేకే వంకరపోతుంది. మరీ సన్ననిదైతే రివెట్టే తెగుతుంది. అందుకని, అతికే రేకుల్లో మందమైనదానికి సుమారు మూడు రెట్లు లావుండాలని లెక్క: 0.032 అంగుళాల రేకుకు 3/32 అంగుళం రివెట్. రేకు అంచునుంచి బెజ్జం మధ్యకు రివెట్ లావుకు కనీసం రెండింతలు దూరం వదలాలి. గాయం అంచుకు మరీ దగ్గరగా కుట్టువేస్తే చర్మం చీలుతుందని మా వైద్యులకు తెలిసిన సంగతే.

రివెట్ తల రేకులో కలిసిపోవాలని పలుచని రేకును లోతుగా చెక్కితే, బెజ్జం అంచు కత్తివాదరలా మారి పగులు పుడుతుంది. అందుకే చెక్కకుండా గుంటగా నొక్కుతారు. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా సంస్థ బోయింగ్ 737 పైకప్పు ఆకాశంలో ఊడిపోయి, ఒక పరిచారిక మరణించింది. అతుకు జిగురు వదిలి, భారం అటువంటి బెజ్జాలమీద పడి, పగుళ్ళు వ్యాపించాయి.

కనుక ముందు అదే రేకు ముక్కలమీద కొట్టి చూడండి. అణిగిన కొస రివెట్ లావుకు ఒకటిన్నర రెట్లు వెడల్పు, సగం ఎత్తు వస్తేనే అసలు రెక్కమీద చెయ్యి వేయండి.