మీకు తెలుసా? పిట్టల పళ్లేనికీ ఎంగిలి దోషం ఉంది

బ్రిటన్‌లో చలికాలం వస్తే పెరటి పిట్టలకు గింజలు పెట్టడం చాలా ఇళ్లలో అలవాటు. ఆ పళ్లెమే గ్రీన్‌ఫించ్ అనే పిట్టల ప్రాణం మీదికి తెచ్చింది! ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి పిట్ట గొంతును పుండు చేస్తుంది. పాపం, ఆ పిట్ట మింగలేక గింజను తడితడిగా పళ్లెంలోనే వదిలేస్తుంది. అదే గింజను ఇంకో పిట్ట తింటే జబ్బు అంటుకుంటుంది. 2005లో అక్కడి ఫించ్‌లలో మొదట కనిపించిన ఈ రోగం దెబ్బకు, 2021లో గ్రీన్‌ఫించ్ బ్రిటన్‌లో ముప్పున్న పక్షుల రెడ్ లిస్టుకెక్కింది. అలాగని చలికాలంలో గింజలు మానేయక్కర్లేదు. వారానికోసారైనా పళ్లెం కడిగి పూర్తిగా ఆరబెట్టాలి, నీళ్లు రోజూ మార్చాలి. ఈకలు ఉబ్బించుకుని, ముక్కు చుట్టూ తడితో మగతగా కూర్చున్న పిట్ట కనబడిందా, కనీసం 2 వారాలు మేత ఆపేయాల్సిందే.