కిరాణం కూపన్లు: అపోహలు – వాస్తవాలు

కిరాణం సామాన్లు అమ్మే యాప్‌లలో కూపన్ అంటే బిల్లులో కొంత తగ్గించే కోడ్. అది యాప్‌లోనే ఉంటుంది, బిల్లు కట్టేటప్పుడే పనిచేస్తుంది, ఏదైనా కొంటేనే లాభం ఇస్తుంది. ఏమీ కొనకుండానే వేల రూపాయల సరుకులు ఇస్తానంటూ వాట్సాప్‌లో లింకుగా వచ్చేది కూపన్ కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో చూసి చూసి ఖర్చుపెట్టే కుటుంబాలు ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం వల్లే నష్టపోతున్నాయి. అందుకే ముందు తేల్చాల్సింది లింకు సంగతి.

అపోహ: పెద్ద స్టోర్లు వార్షికోత్సవానికి వాట్సాప్‌లో ఉచిత కూపన్లు పంచుతాయి

పంచవు. డీమార్ట్ వార్షికోత్సవం, 2,500 రూపాయల ఉచిత వోచర్ అంటూ కొన్నేళ్ల కిందట ఒక మెసేజ్ దేశమంతా తిరిగింది. అబద్ధమని తేలిన తర్వాత కూడా అంకె మారి, పండుగ మారి, కంపెనీ పేరు మారి అదే మెసేజ్ మళ్లీ మళ్లీ వస్తోంది. 2002లో ముంబైలో మొదటి దుకాణం తెరిచిన డీమార్ట్ పద్ధతి అందరికీ తెలిసిందే: ఏడాది పొడవునా రేటు తక్కువగా ఉంచడం. రోజూ తక్కువకు అమ్మి జనాన్ని రప్పించుకునే సంస్థ ముక్కూమొహం తెలియని ఫోన్లకు వేల రూపాయలు ఎందుకు పంపుతుందో ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు.

లింకు నొక్కాక జరిగే తంతు ప్రతిసారీ ఒక్కటే. పైన కంపెనీ గుర్తు, కింద నాలుగు ప్రశ్నలు. ఈ స్టోర్ మీకు తెలుసా, మీ వయసెంత, ఆడా మగా. ఏ జవాబు ఇచ్చినా అభినందనలే వస్తాయి. తర్వాత తెర మీద వరసగా గిఫ్ట్ బాక్సులు. మొదటిది నొక్కితే ఖాళీ, రెండోదో మూడోదో నొక్కితే బహుమతి. అది అదృష్టం కాదు. ఎవరు నొక్కినా అలాగే తగిలేలా రాసిన ప్రోగ్రామ్. "నాకు నిన్ననే వచ్చింది" అంటూ కింద కనిపించే కామెంట్లు కూడా ఆ పేజీతో పాటు రాసిపెట్టినవే. చివర్లో, బహుమతి అందాలంటే ఐదు గ్రూపులకో ఇరవై మందికో పంపమంటుంది.

అసలు కిటుకు అక్కడుంది. తెలియని నంబరు నుంచి వస్తే ఎవరూ ముట్టుకోరు. మేనత్త పంపితే, మస్కట్‌లో ఉన్న తమ్ముడు పంపితే అనుమానం రాదు. గల్ఫ్‌కు వలసపోయినవాళ్లు ఎక్కువగా ఉన్న ఈ ప్రాంతంలో కుటుంబమంతా కలిసేది వాట్సాప్ గ్రూపులోనే. ఆ నమ్మకాన్నే మోసగాళ్లు వాడుకుంటున్నారు. పంపిన మనిషి మంచిదైనంత మాత్రాన లింకు మంచిది కాదు.

ఇరవై మందికి పంపినవాళ్లకు ఎదురయ్యేది మూడింటిలో ఒకటి. డెలివరీ చార్జీ పేరుతో 49 రూపాయలు కట్టమంటూ కార్డు నంబరు అడిగే పేజీ కావచ్చు, స్కాన్ చేయమనే క్యూఆర్ కోడ్ కావచ్చు, ఫోన్‌లో వేసుకొమ్మనే ఏపీకే ఫైల్ కావచ్చు. వీటిలో ఏపీకే మరీ ప్రమాదం. ప్లేస్టోర్‌లో కాకుండా బయటినుంచి వచ్చిన ఆ యాప్‌కు మెసేజ్‌లు చదివే అనుమతి ఇచ్చారంటే, బ్యాంకు పంపే ఓటీపీలు అవతలివాడికి చేరిపోతాయి. క్యూఆర్ విషయంలో గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. యూపీఐ పిన్ కొట్టేది డబ్బు పంపడానికి, లేదంటే బ్యాలెన్స్ చూసుకోవడానికి. డబ్బు రావడానికి పిన్‌తో పని లేదు. మనుషుల మధ్య డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టులను యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి ఆపించింది. అయినా స్కాన్ చేసి తన చేతితో తానే పిన్ కొట్టే మనిషిని ఏ నిబంధనా కాపాడలేదు.

"పోతే 49 రూపాయలే కదా" అన్న మాట వినిపిస్తూ ఉంటుంది. పోయేది 49 రూపాయలు కాదు, కార్డు వివరాలు. బీడీలు చుట్టే మహిళకు నెలనెలా పడే 2,016 రూపాయల పింఛను, దుబాయ్ నుంచి కొడుకు పంపిన పైసలు, పొదుపు సంఘం అప్పు చాలా ఇళ్లలో ఒకే ఖాతాలో ఉంటాయి. ఆ ఖాతాకు ముడిపడిన ఫోనే పిల్లల చేతిలోనూ ఉంటుంది. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఖాతాదారు తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేకుండా బయటివాళ్ల వల్ల డబ్బు పోయి, మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెబితే ఖాతాదారు మీద భారం పడదు. పిన్, ఓటీపీ తానే ఇచ్చేస్తే మాత్రం, బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టమంతా ఖాతాదారే భరించాలి. నకిలీ కూపన్‌తో పోయే డబ్బు చాలావరకు ఈ రెండో లెక్కలోకే వస్తుంది.

లింకు అసలుదో నకిలీదో తేల్చుకోవడానికి స్పెల్లింగులు వెతుక్కోనక్కర్లేదు. దాన్ని వదిలేసి ఆ కంపెనీ యాప్ తెరిస్తే చాలు. ఆఫర్ నిజమైతే అక్కడ ఉంటుంది. అక్కడ లేదంటే ఎక్కడా లేనట్టే.

అపోహ: కూపన్ వాడితే కిరాణం దుకాణం కన్నా ఎప్పుడూ చవకే

నిజమైన కూపన్ల మాటకొస్తే, లెక్క వేయకుండా నమ్మేది ఇదే. ఉదాహరణకు 999 రూపాయలు కొంటే 100 తగ్గించే కూపన్ ఉందనుకుందాం. ఇంటికి కావాల్సినవి 640 రూపాయల సామాన్లు. కూపన్ కోసం ఇంకో 359 రూపాయల బిస్కెట్లు, నూడుల్స్, జ్యూసులు కలుపుతారు. 100 తగ్గి 899 అవుతుంది. డెలివరీకి 29, హ్యాండ్లింగ్‌కు 10 కలిస్తే 938. తెర మీద 100 రూపాయలు ఆదా అయినట్టు కనిపిస్తుంది గానీ, జేబులోంచి అదనంగా వెళ్లినవి 298. ఆ 359 రూపాయల సరుకు ఎలాగూ కొనాల్సిందే అయినా, చార్జీలు పోగా మిగిలేది 61 రూపాయలే. అదీ కిరాణంలో రేట్లు సరిగ్గా యాప్‌లో ఉన్నంతే ఉంటే.

అంతకన్నా ముఖ్యం, ఈ పట్టణాల్లో ఇంటి ఖర్చు పెద్ద నగరం ఖర్చులా ఉండదు. రేషన్ కార్డు ఉన్నవాళ్లకు 2025 ఏప్రిల్ నుంచి మనిషికి నెలకు ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తోంది. కారం, పసుపు గిర్నిలో పట్టించుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కూరగాయలు అంగడిలో దొరుకుతాయి. ఇక కూపన్‌కు మిగిలేది సబ్బులు, నూనె, చాయపత్తి, టూత్‌పేస్టు. దానికితోడు కిరాణంలో ఉద్దెర ఉంటుంది. సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడవని వారం కూలి రాదు. ఆ వారం ఇల్లు గడిచేది ఉద్దెర ఖాతా మీదే. కూపన్ ఆ పని చేయలేదు. టోకు రేటుకే కొనాలనుకున్నా, 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ ఖర్చు లేదు కాబట్టి కరీంనగర్ దాకా వెళ్లి తెచ్చుకోవచ్చు. అలాగని ఆ ప్రయాణం పూర్తిగా ఉచితమేమీ కాదు. బీడీలు చుట్టే చేతికి ఒక పూట పోతే కూలీ పోయినట్టే.

ఎమ్మార్పీ మీద 40 శాతం తగ్గింపు అంటే 40 శాతం లాభం అనుకోవడం కూడా తప్పే; చాలా వస్తువులు కిరాణంలోనూ ఎమ్మార్పీకి తక్కువే. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి స్నానపు సబ్బులు, షాంపూ, టూత్‌పేస్టు మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గుదల దుకాణంలోనూ ఉండాలి, దాన్ని కూపన్ ఖాతాలో వేయకూడదు. ప్యాకెట్ బరువూ చూడాలి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు, కానీ చూడటానికి అలాగే ఉండే ప్యాకెట్లు 850, 800 గ్రాములకూ వస్తున్నాయి. పోల్చాల్సింది ప్యాకెట్ ధరను కాదు, కిలో ధరను.

చిన్నాచితకా నమ్మకాలు మరికొన్ని. క్యాష్‌బ్యాక్ చాలావరకు చేతికొచ్చే డబ్బు కాదు, గడువు ఉన్న వాలెట్ అంకె. కోడ్‌లు ఏరిపెట్టే సైట్లలో గంటలు గడపడం దండగ, చాలా కోడ్‌లు కాలం చెల్లినవే. "ఇంకా పది నిమిషాలే" అని పరుగెత్తే గడియారాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు; ఇలాంటి తప్పుడు తొందరను, అడగకుండా కార్ట్‌లో వస్తువులు చేర్చడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులోనే డార్క్ ప్యాటర్న్‌ల జాబితాలో చేర్చింది. హైదరాబాద్‌లో పనిచేసిన కూపన్ ఈ పట్టణాల పిన్‌కోడ్‌లైన 505327లోనో 505326లోనో 505301లోనో పనిచేస్తుందన్న హామీ లేదు. పిన్‌కోడ్ ముందే వేసి చూడాలి.

అపోహ: కూపన్లన్నీ మోసమే

ఇది మాత్రం నిజం కాదని ఒప్పుకోక తప్పదు. ఇంట్లో పసిపిల్ల ఉండి నెలనెలా డైపర్లు కొనేవాళ్లకు, బట్టల సబ్బు పొడి పెద్ద ప్యాకెట్ తెచ్చుకునేవాళ్లకు యాప్ కూపన్ నిజంగానే కలిసొస్తుంది. కొత్త ఖాతాకు ఇచ్చే మొదటి ఆర్డర్ తగ్గింపు, దసరా, దీపావళి అమ్మకాల్లో వచ్చే బ్యాంకు కార్డు తగ్గింపు మామూలు రోజుల్లో దొరికేవి కావు. ఆన్‌లైన్‌లో పాత సరుకు అంటగడతారన్న భయం ఉన్నవాళ్లు ఒకటి తెలుసుకోవాలి: ఆహార వస్తువు ఇంటికి చేరేసరికి దాని గడువులో 30 శాతమో, 45 రోజులో మిగిలి ఉండాలని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024లో ఈ కంపెనీలకు చెప్పింది. తేదీ చూసి తీసుకోవాలి, తేడా ఉంటే వెనక్కి పంపాలి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

కాబట్టి పొదుపు చేయాలనుకునేవాళ్లు ముందు కావాల్సిన వస్తువుల చీటీ రాసుకోవాలి, కిరాణం రేటు అడగాలి, ఆ తర్వాతే యాప్ తెరవాలి. చార్జీలన్నీ కలిపిన చివరి బిల్లు తక్కువైతే కొనాలి, లేదంటే వదిలేయాలి. ఇంత చిన్న లెక్కకు నెలకు ఒక్కసారి కూర్చుంటే చాలు. రోజూ కూపన్ల వెంట పడేంత లాభం ఇక్కడి ఇళ్లకు అందులో లేదు.

ఉచిత కూపన్ లింకు ఇప్పటికే నొక్కి, వివరాలు ఇచ్చేసినవాళ్లు సిగ్గుపడి దాచుకోవద్దు. ఫోన్ డేటా ఆపి, ఏపీకే వేసుకుని ఉంటే దాన్ని తీసేసి, మరో ఫోన్ నుంచి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయాలి, బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించాలి. డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపగలిగే అవకాశం ఎక్కువగా ఉండేది మొదటి గంటలోనే. ఆ తర్వాత, లింకు పంపిన ప్రతి గ్రూపులోనూ అది అబద్ధమని, ఎవరూ నొక్కవద్దని రాయాలి.